ఉన్న ర్యామ్ స్టిక్ మార్చాలా, రెండోది జత చేయాలా?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో రైజెన్ 5 5500యూ ప్రాసెసర్, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఉన్నాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ వేగం 2667 అని, రెండు స్లాట్లలో ఒకటే వాడుకలో ఉందని చూపిస్తోంది. 1080పీలో ఆటలు సెకనుకు ముప్పై ఫ్రేముల దగ్గర కొట్టుకుంటున్నాయి, మధ్యలో ఒక్కోసారి తెర బిగుసుకుపోతోంది. ఈ స్టిక్ తీసేసి 3200 వేగంతో 16 జీబీ గేమింగ్ స్టిక్ ఒకటి వేద్దామనుకుంటున్నాను. సీఎల్20, ఎక్స్‌ఎంపీ ఉన్నది చూశాను. ఆటలు మెరుగుపడతాయా? ఇంకా వేగమైనది కొనాలా?

సమాధానం:

కొనకండి. కనీసం మీరు అనుకున్న లెక్కన కొనకండి. బిగుసుకుపోవడం తగ్గుతుంది కానీ ఫ్రేములు పెద్దగా పెరగవు. మీ ల్యాప్‌టాప్‌కి వేగమైన స్టిక్ కన్నా ముందు కావలసింది రెండో స్టిక్. ఖాళీగా పడి ఉన్న ఆ స్లాటే మీ గ్రాఫిక్స్‌కి డేటా వచ్చే దారిని సగానికి కట్టిపడేస్తోంది.

విడి గ్రాఫిక్స్ కార్డుకి దాని పక్కనే సొంత మెమరీ ఉంటుంది. పాత జీటీఎక్స్ 1650 లాంటి మామూలు కార్డు, జీడీడీఆర్5 మెమరీ ఉన్నది కూడా, సెకనుకు 128 జీబీ డేటా లాగుతుంది. మీ 5500యూలో ఉన్న వేగా 7 గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఏమీ లేదు. టెక్స్చర్లు (వస్తువుల మీద అతికించే బొమ్మలు), డెప్త్ బఫర్ (ఏ వస్తువు ఎంత లోతులో ఉందో రాసుకునే చోటు), గీస్తున్న ఫ్రేము, అన్నీ మామూలు ర్యామ్‌లోనే ఉంటాయి. పైగా అదే ర్యామ్‌ని ప్రాసెసర్ కోర్లతో పంచుకోవాలి.

ఈ పనికి ఎంత డేటా కావాలో ఒక చిన్న లెక్క చూడండి. 1920 × 1080 తెరలో దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు. ఒక్కోదానికి 4 బైట్లు వేసుకుంటే ఒక ఫ్రేము 8.3 ఎంబీ. సెకనుకు 60 ఫ్రేములైతే అర జీబీ. ఇది పూర్తయిన బొమ్మను తెర మీదికి పంపడానికి మాత్రమే. ఆ బొమ్మ తయారయ్యేటప్పుడు రంగులు ఒకసారి, లోతు ఒకసారి, నీడలు ఒకసారి, వెలుతురు ఒకసారి, చివరి మెరుగులు ఇంకోసారి రాసి, మళ్లీ చదివి, మళ్లీ రాస్తుంది. ఒక వస్తువు వెనక ఇంకో వస్తువు ఉంటే అదే పిక్సెల్‌ని పదేపదే గీస్తుంది. వీటన్నిటికీ టెక్స్చర్లు చదవడం అదనం. అర జీబీ కాస్తా పదుల జీబీలు అయ్యేది ఇక్కడే.

ఇక మీ ర్యామ్ ఎంత ఇవ్వగలదు? డీడీఆర్4లో ఒక చానెల్, అంటే ర్యామ్ నుంచి ప్రాసెసర్‌కి డేటా వెళ్లే దారి, వెడల్పు 64 బిట్లు, అంటే 8 బైట్లు. వేగాన్ని 8తో గుణిస్తే సెకనుకు ఎన్ని ఎంబీలు వస్తాయో తెలుస్తుంది, వెయ్యితో భాగిస్తే జీబీలు. రెండు స్లాట్లలోనూ స్టిక్‌లు ఉంటే చానెళ్లు రెండవుతాయి, దీన్నే డ్యూయల్ అంటారు.

ఇప్పుడు మీ దగ్గర ఉన్నది, 2666 స్టిక్ (టాస్క్ మేనేజర్ 2667 అని చూపేది ఇదే) ఒక్కటి: 21.3 జీబీ.
మీరు కొందామనుకున్నది, 3200 స్టిక్ ఒక్కటి: 25.6 జీబీ.
పాత 2666 అలాగే ఉంచి పక్కన ఇంకో 8 జీబీ వేస్తే: 42.6 జీబీ.
పాతది తీసేసి 3200 స్టిక్‌లు రెండు వేస్తే: 51.2 జీబీ.

రెండో వరుసనీ మూడో వరుసనీ పక్కపక్కన పెట్టి చూడండి. మీరు అనుకున్న మార్పుతో పెరిగేది 20 శాతం. ఆట పూర్తిగా మెమరీ కోసమే కాచుకుని ఉంటే కూడా ముప్పై ఫ్రేములు ముప్పై ఆరుకు మించవు. నిజంగా ఆడేటప్పుడు అంత కూడా రాదు. అదే పాత స్టిక్‌ని కదపకుండా పక్కన మరోటి వేస్తే దారి ఒక్కసారిగా రెండింతలు అవుతుంది. ఖర్చు కూడా తక్కువే, ఎందుకంటే కొనేది ఒక్క 8 జీబీ స్టిక్.

అలాగని ఫ్రేములు కూడా రెండింతలు అవుతాయనుకోవద్దు. మెమరీ అడ్డం తొలగాక ఇంకో అడ్డం ముందుకొస్తుంది: వేగా 7లో ఉన్న ఏడు కంప్యూట్ యూనిట్ల శక్తి, లేదా ప్రాసెసర్‌కి కేటాయించిన 15 వాట్లు. మెమరీకి బాగా కరువుగా ఉన్న ఆటల్లో పావు వంతు నుంచి సగం దాకా ఫ్రేములు పెరగడం మామూలుగా కనిపించేదే. తేలికపాటి ఆటల్లో అంతకన్నా తక్కువ. సగటు కన్నా ఎక్కువగా బాగుపడేది అడుగు ఫ్రేములు, అంటే పేలుళ్లు, పొగ, జనం నిండిన వీధి వచ్చినప్పుడు ధబేల్మని పడిపోయే ఆ అంకె. ఆడేవాడి చేతికి తెలిసేది సగటు కాదు, అదే.

మీరు చెప్పిన రెండో బాధ, తెర బిగుసుకుపోవడం, చాలావరకు వేగానికి సంబంధించింది కాదు. అది చోటు చాలకపోవడం. 8 జీబీలో గ్రాఫిక్స్ కోసం బయాస్ (విండోస్ కన్నా ముందు నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) ముందే కొంత తీసి పక్కన పెడుతుంది, కొన్ని మోడళ్లలో 512 ఎంబీ, కొన్నిట్లో 2 జీబీ. విండోస్ తన వాటా తీసుకుంటుంది. బ్రౌజర్ తెరిచి ఉంటే అది ఇంకొంత. మిగిలినదాంట్లో ఆట పట్టకపోతే విండోస్ కొంత సామాను ఎస్‌ఎస్‌డీ మీదికి తోస్తుంది. కావలసినప్పుడు మళ్లీ తెచ్చుకునే ఆ క్షణమే మీకు బిగుసుకుపోయినట్టు కనిపించేది. మొత్తం 16 జీబీ అయితే ఇది తగ్గుతుంది. కాబట్టి 16 జీబీ అన్న మీ ఆలోచన సరైనదే. దాన్ని ఒకే ముక్కలో కొనడమే తప్పు.

ఇప్పుడు ఎక్స్‌ఎంపీ సంగతి. ఇక్కడ చాలామంది మోసపోతారు, అమ్మేవాళ్లలో కూడా కొందరికి ఇది తెలియదు. ప్రతి స్టిక్ మీదా ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఉంటుంది. స్టిక్ ఏ వేగంలో, ఏ టైమింగ్‌లతో, ఎంత వోల్టేజీలో నడవాలో అందులో రాసి ఉంటుంది. మెమరీ ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రమాణం ప్రకారం రాసిన వేగాలు ఒక రకం. వాటికి అదనంగా తయారీదారు రాసిన ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ ఇంకో రకం. డెస్క్‌టాప్ బోర్డులో ఎక్స్‌ఎంపీని బయాస్‌లోకి వెళ్లి ఆన్ చేస్తాం. మామూలు ల్యాప్‌టాప్ బయాస్‌లో ఆ మీటే ఉండదు. అప్పుడు యంత్రం జెడెక్ వరుసలో ఉన్న గరిష్ఠ వేగాన్నే ఎంచుకుంటుంది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 3200 అని ఉండి, ఆ 3200 ఎక్స్‌ఎంపీలో మాత్రమే ఉంటే, జెడెక్ వరుస 2400 దగ్గరో 2666 దగ్గరో ఆగిపోయి ఉండొచ్చు. కొత్త స్టిక్ వేశాక కూడా టాస్క్ మేనేజర్‌లో పాత అంకే కనిపించడానికి ఇదే కారణం. స్టిక్ చెడిపోయిందని వెనక్కి పంపినా లాభం లేదు, ఇంకోటి వచ్చినా అంతే.

కొనేముందు వివరాల పట్టికలో వోల్టేజీ, సీఎల్ చూడండి. సీఎల్ అంటే అడిగాక డేటా రావడం మొదలయ్యేదాకా ఆగే క్లాకుల లెక్క. 1.2 వోల్టుల దగ్గర 3200, సీఎల్22 అని ఉంటే అది జెడెక్ 3200, కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. 1.35 వోల్టులు అని ఉంటే అది ఎక్స్‌ఎంపీ సరుకు, వద్దు. మధ్యలో ఇంకో రకం ఉంది: 1.2 వోల్టులకే సీఎల్20 దగ్గర 3200ని ఎక్స్‌ఎంపీ అవసరం లేకుండా మామూలు వరుసలోనే రాసి పెట్టినవి. ప్లగ్ అండ్ ప్లే అని రాస్తారు. అవి ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి. కానీ ఆ సీఎల్20 కోసం అదనంగా డబ్బు పెట్టడం నా లెక్కలో దండగ. 3200 వేగంలో సీఎల్22 అంటే 13.75 నానోసెకన్లు, సీఎల్20 అంటే 12.5. ఈ తేడా ప్రాసెసర్ కోర్లకు కాస్త పనికొస్తుంది. గ్రాఫిక్స్ అలా కాదు. ఒక పని డేటా కోసం ఆగితే వెంటనే ఇంకో పని అందుకుంటుంది, అది ఆగితే మరోటి. దానికి కావలసింది డేటా త్వరగా మొదలవడం కాదు, ఎక్కువగా రావడం.

ఇంకా వేగమైనది కొనాలా అని అడిగారు. వద్దు. 5500యూకి దాని తయారీదారు ఏఎండీ చెప్పిన హద్దు డీడీఆర్4లో 3200. అంతకన్నా వేగమైనది వేసినా 3200కో, అంతకన్నా కిందికో దిగి నడుస్తుంది. బయాస్‌లో దాచిన సెట్టింగులు తెరిచే పనిముట్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. వాటితో మెమరీ వేగం మార్చి యంత్రం లేవకపోతే, డెస్క్‌టాప్‌లోలాగా తేలిగ్గా పాత స్థితికి తెచ్చే జంపర్ చాలా ల్యాప్‌టాపుల్లో ఉండదు. బయాస్ చిప్‌ని మళ్లీ రాయించుకోవాల్సి రావచ్చు. నాలుగు ఫ్రేముల కోసం అంత సాహసం అక్కర్లేదు.

కొనే ముందు మీ పాత స్టిక్ మీది లేబుల్ ఒకసారి చదవండి. ‘8జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ4-2666వీ-ఎస్ఏ’ అనే తీరులో ఒక వరుస ఉంటుంది. 8జీబీ అంటే తెలిసిందే. పీసీ4 అంటే డీడీఆర్4. తర్వాతి అంకె వేగం, దాని వెనక అక్షరం ఆ వేగపు తరగతి: 2400 పక్కన టీ, 2666 పక్కన వీ, 3200 పక్కన ఏఏ. ఎస్ అక్షరంతో మొదలయ్యే ముక్క ల్యాప్‌టాప్ సైజు స్టిక్ అని చెబుతుంది.

మధ్యలో ఉన్న 1ఆర్ఎక్స్8ని మాత్రం దాటేయకండి. మొదటి అంకె ర్యాంకులు, అంటే కలిసి ఒకేసారి పనిచేసే చిప్‌ల గుంపులు; చివరి అంకె ఒక్కో చిప్ వెడల్పు. 8 జీబీ స్టిక్‌లు రెండు రకాలుగా వస్తాయి. ఎనిమిది చిప్‌లు ఉన్నది 1ఆర్ఎక్స్8. నాలుగే చిప్‌లు ఉన్నది 1ఆర్ఎక్స్16. రెండింటి మీదా 3200 అనే ఉంటుంది, కాగితం మీద బ్యాండ్‌విడ్త్ (సెకనుకు వచ్చే డేటా) ఒకటే. కానీ ఎక్స్8 చిప్‌లో బ్యాంక్ గ్రూపులు (చిప్‌లోని మెమరీని విడగొట్టిన భాగాలు) నాలుగు, ఎక్స్16లో రెండే. ఒక గ్రూపు పనిలో ఉండగా పక్క గ్రూపుని అందుకునే వీలు సగమైపోతుంది. వరుసగా కాకుండా చెల్లాచెదురుగా చదివే గ్రాఫిక్స్ పనిలో ఇది తెలిసొస్తుంది. అదే వేగం, అదే సైజు, అయినా ఎక్స్16 జత వెనకబడుతుంది. కొనేటప్పుడు ఫొటోలో నల్ల చిప్‌లు లెక్కపెట్టండి. లేబుల్ చిప్‌ల మీదే అతికించి ఉంటే మోడల్ నంబరుతో తయారీదారు వివరాల పత్రంలో చూసుకోండి. 16 జీబీ స్టిక్‌లలో 1ఆర్ఎక్స్8 గానీ 2ఆర్ఎక్స్8 గానీ రెండూ మంచివే. రెండు ర్యాంకులది కాస్త మెరుగు.

ఇక మీ ముందున్న దారులు రెండు. డబ్బు చూసుకుని చేయాలంటే పాతది ఉంచి, పక్కన 8 జీబీ, 1ఆర్ఎక్స్8, 1.2 వోల్టుల స్టిక్ వేయండి. కొత్తది 3200 అయినా ఫర్వాలేదు, 2666 అయినా ఫర్వాలేదు. వేర్వేరు వేగాలు కలిస్తే రెండూ తక్కువ వేగానికి, అంటే 2666కి దిగి నడుస్తాయి. నాలుగు నెలల తర్వాత పాతదాన్ని మార్చే ఉద్దేశం ఉంటే ఇప్పుడే 3200 కొనండి, తర్వాత దానికి జత దొరికితే చాలు. కంపెనీ వేరైనా సాధారణంగా పేచీ ఉండదు. జతగా ఒకే ప్యాకెట్‌లో కొంటే ఆ కొద్దిపాటి పేచీ కూడా ఉండదు.

రెండో దారి, పాతది తీసేసి 3200 జత వేయడం. 42.6 నుంచి 51.2కి పెరుగుదల మళ్లీ అదే 20 శాతం. పాత స్టిక్ అమ్ముకునే వీలుంటే, లేదా మీ పాతది చూస్తే 1ఆర్ఎక్స్16 అని తేలితే ఈ దారి మేలు. అప్పుడు వేగం, బ్యాంక్ గ్రూపులు రెండూ కలిసొస్తాయి.

పాత 8 పక్కన కొత్తగా 16 వేయొచ్చా అని కూడా అనిపించొచ్చు. వేయొచ్చు. మొత్తం 24 జీబీలో 16 జీబీ రెండు చానెళ్ల మీద, మిగిలిన 8 జీబీ ఒకే చానెల్ మీద నడుస్తుంది. ఆట ఏ భాగంలో కూర్చుంటుందో మన చేతిలో ఉండదు కాబట్టి ఆటల కోసమే అయితే సమాన సైజులే మంచిది.

బిగించే పనికి వద్దాం. స్క్రూడ్రైవర్ పట్టేముందు వారంటీ షరతులు ఒకసారి చదవండి, అట్ట విప్పకూడదని ఉందేమో చూసుకోండి. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ దొరికితే అందులో స్క్రూల స్థానాలు, స్లాట్ స్థానం ఉంటాయి. ఇలాంటి మాన్యువల్ ఉన్న యంత్రం విప్పడం సగం పని అయిపోయినట్టే.

షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. మామూలు షట్‌డౌన్‌లో విండోస్ ఫాస్ట్ స్టార్టప్ కోసం పూర్తిగా ఆగదు. చార్జర్ పీకేయండి. కొన్ని మోడళ్ల బయాస్‌లో లోపలి బ్యాటరీని ఆపే ఆప్షన్ ఉంటుంది, ఉంటే వాడండి. అడుగు అట్టకి చాలావరకు పీహెచ్0 సైజు ఫిలిప్స్ (ప్లస్ గుర్తు) బిట్ సరిపోతుంది. కొన్ని స్క్రూలు రబ్బరు పాదాల కింద దాగి ఉంటాయి. అన్నీ తీశాననుకుని అట్టని గుంజితే విరిగేది అక్కడే. స్క్రూలు ఒకే పొడవు ఉండవు. తీసిన వాటిని ఒక కాగితం మీద అట్ట ఆకారం గీసుకుని ఆ స్థానాల్లోనే పెట్టండి. పొడుగు స్క్రూ పొట్టి చోట బిగిస్తే అవతలి వైపు కీబోర్డు ఫ్రేముని పొడుచుకుంటుంది. అట్ట పీకడానికి ప్లాస్టిక్ కార్డు వాడండి, ఇనుప ముక్క వద్దు.

లోపల మొట్టమొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. వైర్లు పట్టి లాగకుండా కనెక్టర్ రెండు అంచులూ పట్టుకుని కదపండి. తర్వాత పవర్ బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి ఉంచితే మిగిలిన కరెంటు పోతుంది. చేత్తో ఏదైనా పెద్ద లోహపు వస్తువుని తాకి అప్పుడు స్టిక్ పట్టుకోండి. ర్యామ్ మీద పల్చటి లోహపు మూతో, నల్లటి పొరో ఉండొచ్చు. మెల్లిగా లేపండి, మళ్లీ అలాగే పెట్టాలి.

కొత్త స్టిక్‌ని అంచులు పట్టుకుని, గాడి స్లాట్‌లోని మెట్టుకి ఎదురుగా వచ్చేలా, ముప్పై డిగ్రీల వాలులో లోపలికి తోయండి. బంగారు రంగు పళ్లు దాదాపు కనిపించకుండా పోవాలి. పళ్ల వరుస ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ కనిపిస్తుంటే వంకరగా దిగింది. అలాగే కిందికి నొక్కితే క్లిప్పులు పడతాయి కానీ స్టిక్ సరిగా ఆనదు. కొత్త ర్యామ్ కనబడటం లేదు అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. తీసి మళ్లీ పెట్టండి. సరిగ్గా దిగాక కిందికి వంచితే రెండు పక్కల క్లిప్పులూ ఒకేసారి టక్కుమంటాయి.

బ్యాటరీ కనెక్టర్ పెట్టి, అట్ట పూర్తిగా బిగించకముందే చార్జర్ తగిలించి ఒకసారి ఆన్ చేసి చూడండి. మొదటిసారి తెర కొంతసేపు నల్లగానే ఉంటుంది. కొత్త మెమరీకి తగ్గట్టు యంత్రం టైమింగ్‌లు సరిచూసుకుంటుంది. డీడీఆర్4లో ఇది త్వరగానే అయిపోతుంది, డీడీఆర్5లో కొన్ని నిమిషాలు పట్టొచ్చు. ఈ లోపు కంగారుపడి పవర్ బటన్ నొక్కకండి. పది నిమిషాలైనా వెలుగు రాకపోతే ఆపి, బ్యాటరీ మళ్లీ ఊడదీసి, కొత్త స్టిక్ ఒక్కదాన్నే వేసి చూడండి. అదీ నడిచి, పాతదీ విడిగా నడిచి, రెండూ కలిస్తే లేవకపోతే ఆ రెండింటికీ పొసగలేదన్నమాట. బయాస్ కొత్త వెర్షన్ ఉంటే వేయండి. వేసేముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ రాసి పెట్టుకోండి. బయాస్ మారాక విండోస్ అది అడగొచ్చు.

విండోస్ తెరుచుకున్నాక టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ చూడండి. రెండు స్లాట్లూ వాడుకలో ఉన్నట్టు, వేగం 2667 లేదా 3200 అని రావాలి. 16 జీబీలో 13.9 మాత్రమే వాడుకోవచ్చని చూపిస్తే భయపడకండి, మిగిలింది గ్రాఫిక్స్ కోసం బయాస్ పక్కన పెట్టింది. చానెళ్ల సంగతి టాస్క్ మేనేజర్ చెప్పదు. దానికి సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాంలో మెమరీ ట్యాబ్ చూడండి. డ్యూయల్ అనో, రెండు 64 బిట్లు అనో ఉండాలి. అక్కడ డీర్యామ్ ఫ్రీక్వెన్సీ 1600 అని కనిపిస్తే సగమే వచ్చిందనుకోవద్దు. ఒక్కో క్లాకులో రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి 1600 అంటే 3200.

ఆటలోకి దూకేముందు, ర్యామ్‌లో తప్పులు వెతికే మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపి కనీసం ఒక పూర్తి చుట్టు తప్పుల్లేకుండా పూర్తికానివ్వండి. ఒక్క తప్పు వచ్చినా, స్టిక్‌లను తీసి మళ్లీ కూర్చోబెట్టి ఇంకోసారి చేయండి. మళ్లీ వస్తే ఒక్కోదాన్నీ విడిగా పరీక్షించి, తప్పు చూపినదాన్ని మార్పించుకోండి. దాన్ని పట్టించుకోకుండా వాడితే ఆట మధ్యలో మూసుకుపోవడం, నీలి తెర, చివరికి ఫైళ్లు పాడవడం దాకా వస్తుంది.

తేడా కొలవాలంటే మార్చకముందే ఒకసారి కొలిచి ఉండాలి. బెంచ్‌మార్క్ ఉన్న ఆట ఏదైనా తీసుకుని, చార్జర్ తగిలించి, పది నిమిషాలు ఆడి యంత్రం వేడెక్కాక, ఒకే సెట్టింగుల్లో మూడుసార్లు నడిపి మధ్య అంకె రాసుకోండి. సగటుతో పాటు 1 శాతం అడుగు ఫ్రేములూ (అన్నిటికన్నా నెమ్మదైన 1 శాతం ఫ్రేముల అంకె) రాసుకోండి. చల్లగా ఉన్నప్పుడు వచ్చిన మొదటి అంకెని నమ్మొద్దు, ల్యాప్‌టాప్ మొదటి నిమిషంలో ఎప్పుడూ మంచిపిల్లలాగే ఉంటుంది.

రెండు స్టిక్‌లూ పడి, డ్యూయల్ అని చూపించి, ఫ్రేములు మాత్రం అంతగా కదల్లేదనుకోండి. అప్పుడు హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ప్రోగ్రాంలో ఆట నడుస్తుండగా గ్రాఫిక్స్ క్లాక్, ప్యాకేజ్ పవర్ (ప్రాసెసర్ మొత్తం తీసుకునే కరెంటు) చూడండి. మీ వేగా 7 గరిష్ఠంగా 1800 మెగాహెర్ట్జ్ దాకా వెళ్లాలి. అది ఏ వెయ్యి దగ్గరో పడిపోయి, పవర్ 15 వాట్ల దగ్గర బిగుసుకుని ఉంటే ఇప్పుడు అడ్డం మెమరీ కాదు, కరెంటు. విండోస్ పవర్ మోడ్‌ని బెస్ట్ పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి. ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన ప్రోగ్రాంలో నిశ్శబ్దం మోడ్ ఉంటే తీసేయండి. ఫ్యాన్ జాలీలో దుమ్ము ఉంటే ఎలాగూ అట్ట విప్పారు కదా, అప్పుడే ఊదేయండి. గ్రాఫిక్స్ వాడకం 99 శాతం అని చూపించడాన్ని పట్టుకుని ఏమీ తేల్చకండి. డేటా కోసం కాచుకుని కూర్చున్నా ఆ మీటరు 99 అనే చూపిస్తుంది.

బయాస్‌లో గ్రాఫిక్స్ మెమరీ సైజు, యూఎంఏ ఫ్రేమ్ బఫర్ అని ఉండేది, పెంచితే ఆటలు పరుగెడతాయని ఒక నమ్మకం ఉంది. అది వేగం పెంచదు, చోటు కేటాయిస్తుంది అంతే. విండోస్ అవసరాన్ని బట్టి మిగతా ర్యామ్‌లో సగం దాకా గ్రాఫిక్స్‌కి ఎలాగూ ఇస్తుంది. కొన్ని ఆటలు కేటాయించిన అంకె చూసి తక్కువుందని మొరాయిస్తాయి, వాటికోసం 16 జీబీలో 2 జీబీ పెట్టుకోవచ్చు. 8 జీబీ ఉండగా పెట్టడం మాత్రం ఉన్న చోటుని ఇంకా కుదించడమే.

ర్యామ్ రాకముందే కూడా ఒక పని చేయొచ్చు. రిజల్యూషన్ 1600 × 900కి దించితే పిక్సెళ్లు 14.4 లక్షలు, 1280 × 720కి దించితే 9.2 లక్షలు. మెమరీ మీద బరువు దాదాపు అదే నిష్పత్తిలో తగ్గుతుంది. ఎఫ్‌ఎస్‌ఆర్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి తెరకి సరిపడా పెంచే పద్ధతి) ఉన్న ఆటలో అది వాడితే తెర మరీ మసకబారదు. ఎంఎస్‌ఏఏ (అంచులు నున్నగా చేసే సెట్టింగు) ఉంటే తీసేయండి, నీడల నాణ్యత దించండి. రెండూ బ్యాండ్‌విడ్త్ మింగేవే.

ఇదే ప్రశ్న వేరే యంత్రాలున్నవాళ్లకీ వస్తుంది కాబట్టి రెండు మాటలు. రైజెన్ 5 3500యూ ఉంటే హద్దు 2400, కాబట్టి 3200 కోసం వెంపర్లాడొద్దు, రెండో స్టిక్ చాలు. ఇంటెల్ పదో తరం ఐ5-10210యూకి హద్దు 2666. బోర్డు మీదే 4 జీబీ అతికించి, ఒకే స్లాట్ ఇచ్చిన మోడళ్లలో ఆ అతికించినదాని సైజుకి సమానమైన స్టిక్ వేస్తే మొత్తం డ్యూయల్‌లో నడుస్తుంది. 8 జీబీ వేస్తే ఎనిమిది డ్యూయల్‌లో, మిగిలిన నాలుగు సింగిల్‌లో. 4, 4 కలిపి 8తో ఇరుక్కోవడం కన్నా అదే నయం. ఎల్‌పీడీడీఆర్ అని ఉంటే అది దాదాపు ఎప్పుడూ బోర్డుకి అతికించినదే, మార్చడానికి ఏమీ ఉండదు. అది సాధారణంగా ముందే పూర్తి వెడల్పుతో, ఎక్కువ వేగంతో వస్తుంది.

డీడీఆర్5 ఉన్నవాళ్లకి రెండు హెచ్చరికలు. ఒక్కో డీడీఆర్5 స్టిక్‌లో 32 బిట్ల ఉపచానెళ్లు రెండు ఉంటాయి. ఒకే స్టిక్ ఉన్నా సీపీయూ-జెడ్‌లో రెండు 32 బిట్లు అని చూసి డ్యూయల్ అనుకునేవాళ్లున్నారు. నాలుగు 32 బిట్లు అని ఉండాలి. రెండోది, 8 జీబీ డీడీఆర్5 స్టిక్‌లు మామూలుగా నాలుగు చిప్‌ల ఎక్స్16 రకమే. అందుకే అక్కడ 8 జీబీలు రెండు కన్నా 16 జీబీలు రెండు తీసుకోవడం ఆటలకి మేలు.

ఇంటెల్ పదకొండో తరం ఐ5-1135జీ7 లాంటివాటిలో ఈ తేడాని కొలవాల్సిన పని కూడా లేదు. ఒకే స్టిక్ ఉన్నంతకాలం డివైస్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ పేరు ఇంటెల్ యూహెచ్‌డీ అని ఉంటుంది. రెండోది వేసి మళ్లీ ఆన్ చేస్తే, ప్రాసెసర్ అదే, డ్రైవర్ అదే, పేరు మాత్రం ఐరిస్ ఎక్స్‌ఈ అని మారుతుంది.